చెరి సగమా, షాప్లీ లెక్కా?

ఆమదాలవలస వైపు ఓ ఊరనుకుందాం. ఒకడు కాలువ షట్టర్ ఎత్తి వదిలేశాడు, ఇంకొకడు గట్టుకి గండి కొట్టాడు. పక్క రైతు వరిచేను మునిగి 60 వేల నష్టం. షట్టర్ ఒక్కటే అయితే 10 వేలు, గండి ఒక్కటే అయితే 30 వేలు పోయేవి.

పెద్దమనుషులు చెరో 30 అంటారు. తగువు ఆ పూటకి తెగుతుంది, షట్టర్ వాడి కడుపు మాత్రం మండుతూనే ఉంటుంది.

1953లో అమెరికన్ గణితవేత్త లాయిడ్ షాప్లీ చెప్పిన లెక్క వేరు. షట్టర్ ముందనుకుంటే దానివల్ల 10, గండి పడ్డాక షట్టర్ ఎత్తాడనుకుంటే అదనంగా 30. సగటు 20 వేలు. గండికి అలాగే 30, 50. సగటు 40 వేలు. నాకిదే న్యాయమనిపిస్తుంది. చిక్కల్లా, చేను మునిగాక ఆ 10, 30 విడివిడిగా ఎవరు తేలుస్తారు? నీటికి రసీదులుండవు కదా!