5 లక్షల పాలసీ, 8 వేల రూము

నాన్న పేరు మీదున్న 5 లక్షల హెల్త్ పాలసీకి నేనిచ్చేది 2 స్టార్లు. కంపెనీ పేరు చెప్పను, అమ్మిన ఏజెంట్ మా పెదనాన్న కొడుకే, పండక్కి మళ్లీ మొహాలు చూసుకోవాలి. నాలుగేళ్లు ప్రీమియం కట్టి మొన్న మొదటిసారి వాడాం, గాల్ బ్లాడర్‌లో రాళ్లకి ఆపరేషన్.

క్యాష్‌లెస్ అప్రూవల్, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడానికి ఒప్పుకోవడం, గంటలోపు తేల్చాలని 2024లో బీమా కంపెనీల మీద నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇచ్చింది. మాకు రెండు గంటలైంది, సరే, వదిలేయండి.

అసలు సినిమా డిస్చార్జ్ రోజు. పదింటికే ఇంటికెళ్లొచ్చన్నారు. నాన్న చొక్కా మార్చుకుని, సెలైన్ సూది తీసినచోట దూదితో మంచం అంచున కూర్చున్నారు. ఇన్సూరెన్స్ డెస్క్‌లో అమ్మాయి "క్వెరీ పడింది సార్" అంది. కేస్ షీట్‌లో బీపీ పదేళ్లుగా అని ఉందట, మా ప్రపోజల్ ఫారంలో ఆరేళ్లని ఉందట. ఫారం రాసి నాలుగేళ్లయింది కదమ్మా, ఆరూ నాలుగూ పది అని వేళ్లు లెక్కపెట్టి చూపించాను. ఆ అమ్మాయికి అర్థమైంది, కానీ కంపెనీకి అర్థం కావాలంటే అదే మాట డాక్టర్ లెటర్‌హెడ్ మీద, స్టాంపుతో వెళ్లాలట. (రాళ్లకీ బీపీకీ ఏం సంబంధమో!) ఫైనల్ అప్రూవల్ 3 గంటల్లో ఇవ్వాలి, ఆలస్యానికి ఆసుపత్రి వేసే అదనపు చార్జీ కంపెనీయే భరించాలి అని అదే సర్క్యులర్‌లో ఉందని ఇంటికొచ్చాక తెలిసింది. మేం బయటపడేసరికి సాయంత్రం ఆరు దాటింది.

అంతకన్నా మండింది రూమ్ రెంట్ దగ్గర. లిమిట్ రోజుకి పాలసీ మొత్తంలో 1 శాతం, అంటే 5 వేలు. ఆ రేటులో ఖాళీ లేదంటే 8 వేల రూము తీసుకున్నాం, తేడా 3 వేలేగా, మనమే కట్టుకుందాం అనుకున్నా. కాదట, సర్జన్ ఫీజు, థియేటర్, నర్సింగ్ అన్నిటికీ 8కి 5 వంతుల లెక్కనే ఇచ్చారు. మందులు, టెస్టుల జోలికి మాత్రం వెళ్లలేదు, రూలు ఒప్పుకోదు కాబట్టి. గ్లవ్స్ లాంటివి కూడా కలిపి చేతినుంచి 46 వేలు పడింది. అన్నని అడిగితే "డాక్యుమెంట్‌లో ఉంది కదరా" అన్నాడు. ఉంది, 31వ పేజీలో.

2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ పోయింది, దానికి ఇంకొంత కలిపి రూమ్ లిమిట్ లేని వేరే కంపెనీ పాలసీకి పోర్ట్ అవుతున్నాం, అంటే మారుతున్నాం. పాత పాలసీలో వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకి కవర్ మొదలవడానికి ఆగాల్సిన కాలం) కింద గడిచిన లెక్క కూడా వస్తుంది. ఈసారి బీపీ ఏ సంవత్సరం ఏ నెలలో మొదలైందో రాద్దామని నాన్నని కూర్చోబెడితే, "మీ అమ్మనడుగు" అంటున్నారు.