వ.పా. అట్టల కోసం: అబిడ్స్, విజయవాడ, వేటపాలెం

పాత చందమామలను కథల కోసం కొనేవారు బైండు పుస్తకం కనబడితే సంతోషిస్తారు గాని, ముఖచిత్రాల కోసం వెతికేవారు దానిని అనుమానంగానే విప్పి చూస్తారు. బైండు చేసేవారు అట్టలను తీసివేయడమో, అంచులు సమం చేసేటప్పుడు మూలనున్న చిత్రకారుని సంతకాన్ని కోసివేయడమో తరచుగా జరిగేది. వారపత్రికల గతి మరీ అన్యాయం: సీరియల్ పుటలను మాత్రం చింపి కుట్టించుకోవడం మన ఇళ్ళలో అలవాటు కనుక, అట్టలు చిత్తుకాగితాల్లో కలిసిపోయాయి. చిత్రకారులు వడ్డాది పాపయ్య (వ.పా.) గారి బొమ్మలున్న చందమామ, యువ మాసపత్రికల సంచికల కోసం వెళ్ళిన ఈ యాత్రలో ప్రతి చోటునూ నేను ఈ దృష్టితోనే చూశాను.

హైదరాబాదులో ఆదివారం నాడు అబిడ్స్ దుకాణాలు మూసి ఉండగా కాలిబాటల మీద పరిచే పుస్తకాలలో ఇంగ్లీషువే ఎక్కువ; తెలుగు పత్రికలు గుట్టల అడుగున ఉంటాయి. ఉదయమే వెళ్ళగలిగితే విడి సంచికలు అట్టలతో సహా దొరికే అవకాశం ఉన్నది. అయితే వ.పా. సంతకం విలువ అమ్మేవారికీ తెలిసిపోయింది కాబట్టి బేరం తప్పదు. చందమామ 1947 జులైలో మొదలైనా, తొలి సంవత్సరాలవి గాని, 1950లలో ఎం.టి.వి. ఆచార్య గారు వేసిన అట్టలు గాని ఇక్కడ కనబడటం అరుదు. బసకు నాంపల్లి స్టేషను పరిసరాల లాడ్జీలు చవకే గాని, రాత్రంతా వాహనాల రొద భరించాలి.

కొనదలచినవారికి నేను ముందుగా చెప్పేది విజయవాడ. లెనిన్ సెంటరు పాత పుస్తకాల దుకాణదారులకు తమ దగ్గర ఏమున్నదో తెలుసు. మనకు కావలసిన సంవత్సరాలు రాసి ఇస్తే, వచ్చినప్పుడు తీసి ఉంచేవారూ ఉన్నారు. గాంధీనగరంలో దిగితే నడిచి వెళ్ళవచ్చు. కొన్నవాటిని పార్సిల్‌లో మాత్రం పంపవద్దు. నేను అప్పగించిన కట్టను ఒక సంస్థవారు మధ్యకు మడిచి తెచ్చి ఇచ్చారు; తుప్పుపట్టిన పిన్నుల దగ్గర అట్టలు ఊడిపోయాయి. రెండు గట్టి అట్టముక్కల మధ్య పెట్టి చేతి సంచిలో తెచ్చుకోవడమే మేలు.

చీరాల దగ్గరి వేటపాలెంలో కొనడానికి ఏమీ ఉండదు, అయినా అక్కడికి వెళ్ళాలి. 1918లో వెలసిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలను ఓపికగా చూస్తే, 1924లో మొదలైన భారతి సాహిత్య పత్రిక నాటి అచ్చుకూ, తరువాతి చందమామ రంగులకూ ఉన్న దూరం అర్థమవుతుంది. కాగితం పెళుసుబారి ఉంటుంది కనుక పుటలు తామే తిప్పుతామని సిబ్బంది అంటే నొచ్చుకోకూడదు. ఫోటోలకు ముందే అనుమతి అడగాలి. బస చీరాలలో చూసుకుంటే ఆటోలో వచ్చిపోవచ్చు. ఓడరేవు వైపు సముద్రతీరపు గదులు మనుషులకు హాయిగానే ఉంటాయి గాని, సంచిలో పాత పత్రికలు ఉన్నవారు ఆ ఉప్పుగాలికి దూరంగా ఊళ్ళోనే గది తీసుకోవాలి.