పక్షవాతం తర్వాత మింగే పరీక్ష: ఈ స్పీచ్ థెరపీ విభాగం చాలా నచ్చింది

నాన్నగారికి పక్షవాతం వచ్చాక మంచినీళ్లు తాగినా పొలమారేది, అయినా ముందు చేర్చిన ఆసుపత్రిలో మింగడం ఎలా ఉందో చూడకుండానే ఇడ్లీ పెట్టేయమన్నారు. ఇక్కడ అలా కాదు. స్పీచ్ థెరపిస్ట్ మేడమ్ నాన్నగారిని నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కొద్దికొద్దిగా నీళ్లిస్తూ, గొంతు మీద వేళ్లు పెట్టి గుటక పడుతోందో లేదో చూసి, ప్రతిసారీ "ఆ" అనిపించి గొంతు తడిగా గరగరలాడుతోందేమో విన్నారు. చెంచాకే గొంతు మారిపోవడంతో 90 మి.లీ. నీళ్లు ఆపకుండా తాగించే పరీక్ష దాకా వెళ్లలేదు. దగ్గు రాకపోయినా నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావచ్చని వివరించి, ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి మింగడాన్ని చూసే ఫీస్ (FEES) అనే పరీక్ష చేశారు. ఆకుపచ్చ రంగు కలిపిన పెరుగు గొంతులో ఎక్కడ నిలిచిపోతోందో మాకూ తెర మీద చూపించారు, అది చూశాకే అమ్మ గ్లాసుతో నీళ్లు పట్టించడం మానేసింది!

నీళ్లలో చిక్కబరిచే పొడి ఎంత కలపాలో నాతోనే కలిపించి చూశారు. ఓపీలో రద్దీ మాత్రం చాలా ఎక్కువ, కూర్చోలేని పేషెంట్లకి అది నరకం, దీన్ని తప్పకుండా సరిచేయాలి. ఫీస్ పరీక్షకి ముందుగానే టైమ్ తీసుకుని, పాత స్కాన్ రిపోర్టులు పట్టుకెళ్లండి.