బిట్‌లాకర్, ప్రే, ఫైండ్ మై: ల్యాప్‌టాప్ పోతే ఏది పనికొస్తుంది, ఏళ్ళ తరబడి వాడాక నా రివ్యూ

ల్యాప్‌టాప్ దొంగతనం అనగానే అందరూ అడిగేది "మంచి ట్రాకింగ్ యాప్ చెప్పు" అనే. నేను విండోస్ ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాని లాక్ చేసేది), ప్రే (పోయిన ల్యాప్‌టాప్‌ని వెతికే యాప్) రెండూ కలిపి చాలా ఏళ్ళుగా వాడుతున్నా, తమ్ముడి మ్యాక్‌బుక్‌లో ఆ పనులకే ఆపిల్ ఇచ్చే ఫైల్‌వాల్ట్, ఫైండ్ మై పెట్టించా, మధ్యలో నా ల్యాప్‌టాప్ ఒకటి నిజంగానే పోయింది, వాడిది కూడా పోయింది, ఇదంతా అయ్యాక నేను చెప్పేది ఒకటే, ముందు డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనిదే డిస్క్‌లో ఏదీ చదవలేకుండా చేసేది, పెట్టుకోండి, ట్రాకర్ సంగతి ఆ తర్వాత.

నాది వెయిటింగ్ హాల్లో బ్యాగ్‌తో సహా ఎత్తుకెళ్ళారు. వెంటనే ఫోన్‌లోంచి ప్రే అకౌంట్ తెరిచి మిస్సింగ్ అని పెట్టేశా, రోజూ లేవగానే అదే చూసేదాన్ని, కానీ అది మళ్ళీ ఆన్‌లైన్‌కి రాలేదు. డిస్క్ పీకేశారో, ఫార్మాట్ కొట్టారో, పార్టులుగా అమ్మేశారో తెలీదు. అలాంటప్పుడు ఏ యాప్ అయినా చేసేదేం ఉండదు, మెషిన్ ఆన్ అయ్యి నెట్‌కి కలిస్తేనే కదా రిపోర్ట్ వచ్చేది. వస్తువు పోయిందని బాధపడ్డా, కాదనను. కానీ అందులో బ్యాంకు కాగితాలు, ఐడీ స్కాన్‌లు, ఇంట్లోవాళ్ళ ఫోటోలు, ఆఫీసు ఫైళ్ళు ఉన్నా కూడా రాత్రి నిద్ర పట్టిందంటే అది బిట్‌లాకర్ వల్లే. విండోస్ పాస్‌వర్డ్ ఉందిగా చాలు అనుకునేవాళ్ళు ఒక్కటి తెలుసుకోవాలి, ఎన్‌క్రిప్షన్ లేని డిస్క్‌ని ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే ఫైళ్ళన్నీ మామూలుగా తెరుచుకుంటాయి, ఆ పాస్‌వర్డ్ అక్కడ దేనికీ పనికిరాదు. బిట్‌లాకర్ 2007లో విండోస్ విస్టాతో వచ్చింది, ఫైల్‌వాల్ట్ మొత్తం డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేయడం 2011లో మ్యాక్ ఓఎస్ లయన్‌తో మొదలైంది, ఇన్నేళ్ళయినా నా చుట్టూ ఉన్నవాళ్ళలో దాన్ని ఆన్ చేసుకున్నవాళ్ళు తక్కువే, అది చూస్తే నాకు బెంగగా ఉంటుంది. విండోస్ హోమ్ ఎడిషన్ ఉన్నవాళ్ళకి కూడా, మెషిన్ సపోర్ట్ చేస్తే, సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అని ఉంటుంది, ఒకసారి వెళ్ళి చూడండి. స్పీడ్ తగ్గుతుందేమో అని చాలామంది భయపడతారు, రోజువారీ పనిలో నాకైతే తేడా తెలీలేదు.

అయితే ఎన్‌క్రిప్షన్‌కీ ట్రాకింగ్‌కీ కొంచెం పడదు, ఇది చాలామంది చెప్పరు. మీరు బూట్ అవ్వకముందే పాస్‌వర్డ్ అడిగేలా పెట్టారనుకోండి, అంటే లైనక్స్‌లో లక్స్ అనే డిస్క్ ఎన్‌క్రిప్షన్ గానీ బిట్‌లాకర్‌లో పిన్ గానీ, దొంగ ఆ స్క్రీన్ దగ్గరే ఆగిపోతాడు, ఆపరేటింగ్ సిస్టమ్ లేవదు, దాంతో ట్రాకర్ కూడా లేవదు. పిన్ లేకుండా టీపీఎం చిప్ (ఎన్‌క్రిప్షన్ కీని దాచి ఉంచే చిప్) మీదే వదిలేస్తే విండోస్ లాగిన్ స్క్రీన్ దాకా వస్తుంది, ప్రే సర్వీస్ వెనకాల నడుస్తుంది, నెట్ దొరికితే కబురు పంపుతుంది, ఫైళ్ళు మాత్రం లాక్‌లోనే ఉంటాయి. నేను ఇదే పెట్టుకున్నా. టీపీఎం చిప్ విడిగా ఉన్న కొన్ని మోడళ్ళలో మదర్‌బోర్డు మీద వైర్లు తగిలించి కీ లాగేయొచ్చని నిపుణులు చేసి చూపించారు, కాబట్టి మీ డేటా కోసమే పనిగట్టుకుని వచ్చేవాళ్ళు ఉంటారనుకుంటే పిన్ పెట్టుకుని ట్రాకింగ్ మీద ఆశ వదులుకోవడమే మంచిది. బ్యాగ్‌లో పెట్టేటప్పుడు స్లీప్‌లో వదలకండి, స్లీప్‌లో ఎన్‌క్రిప్షన్ కీ ర్యామ్‌లోనే ఉంటుంది, ర్యామ్‌ని చల్లబరిచి కీ బయటికి తీయొచ్చని 2008లోనే ప్రిన్స్‌టన్ పరిశోధకులు చూపించారు. నాది మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా, అంటే తెరిచినవన్నీ డిస్క్‌లో దాచి పవర్ ఆగిపోయేలా, పెట్టా.

ప్రే గురించి చెప్పాలంటే తేలిగ్గా ఉంటుంది, ఉన్నట్టే తెలీదు, ల్యాప్‌టాప్‌లో నడిచే దాని ప్రోగ్రామ్ కోడ్ ఓపెన్ సోర్స్, ఎవరైనా చూడొచ్చు. మిస్సింగ్ పెడితే లొకేషన్, వెబ్‌క్యామ్ ఫోటో, స్క్రీన్‌షాట్, చుట్టుపక్కల వైఫైల వివరాలు అన్నీ కలిపి రిపోర్ట్ పంపుతుంది. ల్యాప్‌టాప్‌లలో మామూలుగా జీపీఎస్ ఉండదు, చుట్టూ ఉన్న వైఫై రౌటర్లని బట్టే చోటు లెక్కేస్తారు, రౌటర్లు ఎక్కువున్న చోట బిల్డింగ్ దాకా రావచ్చు, లేని చోట ఐపీ అడ్రస్ బట్టి ఊరు పేరే గతి. ఇంకో మాట, ఆ అకౌంట్‌కి టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ అడిగేది) తప్పకుండా పెట్టండి, అది ఎవరి చేతిలో పడితే వాళ్ళకి మీ కెమెరా దొరికినట్టే. 2010లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ మీద కేసు పడింది, దొంగతనం కోసమని పిల్లల ల్యాప్‌టాప్‌లలో పెట్టిన ట్రాకింగ్‌తోనే వాళ్ళ ఇళ్ళలో ఫోటోలు తీసినందుకు. రిమోట్ వైప్ (దూరం నుంచే డిస్క్ తుడిచేయడం) జోలికి మాత్రం నేను పోను, ఎన్‌క్రిప్షన్ ఉన్నాక దాని అవసరం లేదు, పైగా తుడిచేస్తే ఉన్న ఒక్క ఆధారం కూడా పోతుంది.

విండోస్‌లో వచ్చే ఫైండ్ మై డివైస్ కూడా ఆన్ చేసి పెట్టుకోండి, చివరి లొకేషన్ చూపిస్తుంది, దూరం నుంచి లాక్ చేయనిస్తుంది, ఫోటోలూ అవీ ఉండవు. ఈ విషయంలో మ్యాక్ చాలా ముందుంది. 2019లో మ్యాక్ ఓఎస్ కాటలీనా వచ్చినప్పటినుంచి నెట్ లేకపోయినా బ్లూటూత్‌తో పక్కనున్న ఆపిల్ ఫోన్ల ద్వారా చోటు తెలుస్తుంది, టీ2 అనే సెక్యూరిటీ చిప్ లేదా ఆపిల్ సొంత ప్రాసెసర్ ఉన్నవాటికి యాక్టివేషన్ లాక్ ఉంటుంది, మొత్తం తుడిచేసినా పాత ఓనర్ ఆపిల్ ఐడీ అడుగుతుంది. తమ్ముడిది అలాగే దొరికింది. మ్యాప్‌లో చుక్క కనపడగానే వాడు ఒక్కడే వెళ్ళిపోతానన్నాడు, నేను గట్టిగా ఆపా, అవతల ఎవరుంటారో ఎలా ఉంటారో ఏం తెలుసు, స్క్రీన్‌షాట్‌లు, ఇన్‌వాయిస్, సీరియల్ నంబర్ పోలీసులకిచ్చాం, వాళ్ళే వెళ్ళి సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒకతని దగ్గర్నుంచి తెచ్చారు. ఈలోపు వాడికి "మీ డివైస్ దొరికింది, ఈ లింక్‌లో లాగిన్ అవ్వండి" అని మెసేజ్‌లు వచ్చాయి, అచ్చం ఆపిల్ పంపినట్టే ఉన్నాయి. లాక్ తీయించుకోవడానికి దొంగలు వేసే ఎత్తు అది. అలాగే పోయిన మ్యాక్‌ని మీ అకౌంట్‌లోంచి రిమూవ్ చేయకండి, చేశారంటే యాక్టివేషన్ లాక్ మీ చేత్తోనే తీసేసినట్టు.

కేబుల్ లాక్ (ల్యాప్‌టాప్‌ని టేబుల్‌కి కట్టేసే తాళం) గురించి పెద్దగా చెప్పేదేం లేదు, లైబ్రరీలో లేచి నీళ్ళు తాగి వచ్చేంతసేపు పనికొస్తుంది, అది పట్టే 3×7 మిల్లీమీటర్ల స్లాట్ సన్నటి మోడళ్ళు చాలావాటిల్లో అసలు ఉండదు. బయోస్ (విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రామ్) పాస్‌వర్డ్ పెట్టి యూఎస్‌బీ బూట్ ఆపేస్తే వెంటనే ఫార్మాట్ చేయడం కష్టమవుతుంది, పెట్టుకుంటే మంచిదే.

సీరియల్ నంబర్ ఇవాళే ఫోటో తీసి ల్యాప్‌టాప్‌లో కాకుండా ఇంకెక్కడైనా దాచుకోండి, కంప్లైంట్ రాయించేటప్పుడు ముందు అడిగేది అదే. పోయిన రోజే బ్రౌజర్‌లో సేవ్ అయిన అకౌంట్లన్నీ వేరే డివైస్ నుంచి సైన్ అవుట్ చేసి, ఈమెయిల్ పాస్‌వర్డ్‌తో మొదలుపెట్టి అన్నీ మార్చేయండి. ఇక బిట్‌లాకర్ రికవరీ కీ అని 48 అంకెలది ఒకటి ఇస్తుంది, బయోస్ అప్‌డేట్ అయినా మదర్‌బోర్డు మార్చినా అది అడగొచ్చు, అది లేకపోతే మీ ఫైళ్ళు మీక్కూడా దక్కవు, అందుకే నేను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఒకటి ఉంచి, ఇంకోటి ప్రింట్ తీసి బీరువాలో పెట్టా, ల్యాప్‌టాప్ బ్యాగ్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టను.