బైనాక్యులరా, టెలిస్కోపా? నక్షత్రాల చావుపుట్టుకలు చూడాలంటే

ఖర్చు: 10×50 బైనాక్యులర్ (పది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 50 మి.మీ. వెడల్పు) పది వేల లోపే దొరుకుతుంది. టెలిస్కోప్‌కి అంతకు రెండింతలైనా పెట్టాలి, చవకరకం కొంటే స్టాండు ఊగి చుక్క నిలవదు, అదో తలనొప్పి.

శ్రమ: ఒకటి మెడలో వేసుకుని డాబా ఎక్కేయడమే. రెండోది మోయాలి, బిగించాలి, గురి చూసుకోవాలి.

పుట్టుక: వాయువు, ధూళి తమ బరువుకే కుంగి కొత్త నక్షత్రాలవుతున్న ఓరియన్ నెబ్యులా అనే మేఘం దాదాపు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. బైనాక్యులర్‌లో మసక మరకలా, టెలిస్కోప్‌లో అయితే నడుమ నాలుగు కుర్ర నక్షత్రాలు విడివిడిగా కనిపిస్తాయి. కుర్ర నక్షత్రాల గుంపు కృత్తికలకు మాత్రం బైనాక్యులరే అందం, టెలిస్కోప్‌లో గుంపంతా పట్టదు.

ముసలితనం: ముసలి నక్షత్రం, ఎర్రటి ఆర్ద్రకి (బీటిల్‌జూస్) రెండూ అక్కర్లేదు, కళ్లు చాలు.

చావు: ఇక్కడ టెలిస్కోపే. సూర్యుడి లాంటి నక్షత్రం చివర్లో వదిలేసిన పొర రింగ్ నెబ్యులా, బైనాక్యులర్‌లో అది ఒట్టి చుక్క. 1054లో చైనావాళ్లు పగటిపూటే చూసి రాసిపెట్టిన పేలుడు శిథిలం క్రాబ్ నెబ్యులా కూడా అంతే, బైనాక్యులర్‌లో దొరకడం కష్టం. ఫోటోల్లోని రంగులు మాత్రం రెండింటిలోనూ ఆశించకండి.

రిస్క్: దేన్నీ సూర్యుడివైపు తిప్పొద్దు, చూపు పోతుంది.

ఊళ్లో చీకటి ఆకాశముండి, ఇప్పుడే మొదలుపెడుతుంటే బైనాక్యులర్. ఏడాదిపాటు చూశాక కూడా సరదా తగ్గకపోతే టెలిస్కోప్.