రాత్రి పడుకునే ముందు రాగి జావా, పాలా?

ఏడాది దాటిన పిల్లలు రాత్రి అన్నం సరిగ్గా తినకపోతే జావే మేలు, కడుపు నిండుతుంది. 2 చెంచాల రాగిపిండిని ముందు చన్నీళ్లలో కలిపి, మరుగుతున్న గ్లాసు నీళ్లలో పోయాలి. పొడిపిండి నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. సన్నసెగ మీద 8 నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. పచ్చివాసన పోకుండా దించితే సరిగ్గా అరగదు. గరిటె నుంచి జారేంత పలుచగా, పడకకు గంట ముందు పట్టాలి. బెల్లం వేయకపోయినా తాగుతారు, అలవాటు చేయాలంతే.

అన్నం బాగా తిన్న రోజు 150 మి.లీ. పాలు చాలు, అదీ గ్లాసుతోనే. సీసా నోట్లో ఉండగానే నిద్రపోతే పళ్లు పుచ్చుతాయి. పాలు రోజుకు అర లీటరు దాటితే అన్నం మీద ఆకలి పోతుంది, ఒంట్లో ఇనుము తగ్గుతుంది.

ఏది తాగినా పళ్లు తోమాకే పడక. ఆకలి లేకుండా అలవాటుగా రాత్రి మధ్యలో లేచే పిల్లలకు జావ, పాలు రెండూ పనిచేయవు.