ఆరుబయట ఫైరింగ్ రేంజ్: వెనుక ఖాళీ నేల మేలా, తలపై బాఫిల్ పలకలు మేలా?

గురి తప్పిన తూటా ఎక్కడ ఆగాలన్న ప్రశ్నకు ఆరుబయట ఫైరింగ్ రేంజ్‌లు చాలాకాలంగా రెండు జవాబులు ఇస్తూ వచ్చాయి. మొదటిది, లక్ష్యాల వెనుక ఎత్తైన మట్టికట్ట పోసి, దాన్ని దాటిపోయిన తూటా ఎవరికీ తగలకుండా ఆ వెనుక కిలోమీటర్ల కొద్దీ నేలను ఖాళీగా ఉంచడం. రెండవది, కాల్చే చోటుకూ కట్టకూ నడుమ తల ఎత్తు దాటిన చోట అడ్డంగా వరుస పలకలు నిలిపి, తుపాకీ మొన ఎంత పైకి లేచినా తూటా ఆవరణ దాటకుండా చూడడం. ఈ పలకలనే బాఫిల్‌లు అంటారు. మన పోలీసు, సైనిక వర్గాల్లో బాఫిల్ రేంజ్ అన్న మాట బాగా వాడుకలో ఉంది. నాలుగు వైపులా మూసిన ఇండోర్ రేంజ్ మూడవ దారి. మనుషులు నివసించే ప్రాంతం తూటా అందుకునే దూరంలో ఉంటే బాఫిల్‌లే మేలని నా నిశ్చితాభిప్రాయం. అయితే అవి లెక్కగా, లోపం లేకుండా కట్టినవై ఉండాలి. సగం కట్టిన బాఫిల్ రేంజ్‌ను సురక్షితమని నమ్మడం ఏ బాఫిల్ లేని రేంజ్‌ను ఎర్రజెండా ఎగరేసి జాగ్రత్తగా నడపడం కన్నా ప్రమాదకరం.

ముందుగా తూటా చేరే దూరం చూద్దాం. క్రీడాకారులు వాడే చిన్న .22 తూటా సైతం మైలు పైచిలుకు దూరం పోగలదు. 9 మిల్లీమీటర్ల పిస్టల్ తూటా రెండు కిలోమీటర్ల దరిదాపులకు, ఇన్సాస్ వంటి రైఫిళ్లలో వాడే 5.56 తూటా సుమారు 3 కిలోమీటర్లకు, పాత ఎస్ఎల్ఆర్ రైఫిల్‌లో వాడే 7.62 తూటా సుమారు 4 కిలోమీటర్లకు చేరగలవు. గాలి నిరోధం వల్ల ఇంత దూరం పోవడానికి తుపాకీని 45 డిగ్రీల దాకా ఎత్తనక్కరలేదు. 30 నుంచి 35 డిగ్రీల కోణం సరిపోతుంది. ఇక కాల్చే చోటుకు 100 మీటర్ల దూరంలో, లక్ష్యాల వెనుక, 6 మీటర్ల ఎత్తు కట్ట ఉన్నదనుకుందాం. నిలబడి కాల్చేవాడి తుపాకీ మొన నేల నుంచి మీటరున్నర ఎత్తున ఉంటే, కట్ట శిఖరాన్ని దాటడానికి కావలసిన కోణం 3 డిగ్రీల లోపే. అరవై సెంటీమీటర్ల గొట్టం మొన మూడు సెంటీమీటర్లు పైకి లేస్తే చాలునన్నమాట. భుజానికి తన్నబోయే దెబ్బకు బెదిరి ముందే ట్రిగ్గర్ నొక్కిన కొత్త కానిస్టేబులు చేతిలో ఆ మూడు సెంటీమీటర్లు రెప్పపాటులో జరిగిపోతాయి. కాబట్టి కట్ట ఒక్కటే ఉన్న రేంజ్‌లో అసలు రక్షణ కట్ట ఇవ్వడం లేదు, దాని వెనుకనున్న ఖాళీ నేల ఇస్తోంది.

ఆ ఖాళీ నేలకు ఉన్న సుగుణాలను తక్కువ చేయరాదు. ఏ ఆయుధానికైనా, ఏ భంగిమకైనా, కదులుతూ కాల్చే అభ్యాసానికైనా అది పనికొస్తుంది. దానిలో తుప్పు పట్టేది, విరిగేది ఏమీ లేదు. సైన్యపు ఫీల్డ్ ఫైరింగ్‌కు, అంటే బయలు నేలలో అసలు తూటాలతో చేసే యుద్ధాభ్యాసానికి, వేరే మార్గమే లేదు. అందుకోసమే మన దేశంలో 1938 నాటి యుద్ధాభ్యాసాలు, ఫీల్డ్ ఫైరింగ్, ఫిరంగి అభ్యాసాల చట్టం కింద ప్రాంతాలను నోటిఫై చేసి, కాల్పులు జరిగే వేళల్లో అక్కడి జనాన్ని తప్పించే ఏర్పాటు ఉంది. అయితే 4 కిలోమీటర్ల పొడవు, సగటున ఒక్క కిలోమీటరు వెడల్పు అనుకున్నా ఆ డేంజర్ ఏరియా దాదాపు వెయ్యి ఎకరాలు అవుతుంది. నగరం పక్కన వెయ్యి ఎకరాలు ఎన్నాళ్లు ఖాళీగా ఉంటాయి? రేంజ్ కట్టిననాడు వెనుక పొలాలు, గుట్టలు, మేకల మందలు ఉండవచ్చు. ముప్పై ఏళ్లకు అక్కడ లేఅవుట్లు పడతాయి, ఆపైన పది అంతస్తుల అపార్ట్‌మెంట్లు లేస్తాయి. అంతస్తు పెరిగేకొద్దీ కట్ట మీదుగా వచ్చే తూటా దారిలోకి మరిన్ని కిటికీలు చేరతాయి. రేంజ్ లోపల ఒక్క ఇటుక కదలకపోయినా దాని భద్రత ఏటేటా తగ్గుతూ పోతుంది. తన రక్షణకు ఆధారమైన నేల తన అదుపులో లేకపోవడమే ఈ పద్ధతికి మౌలికమైన లోపం.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, బ్రెమర్టన్ వద్ద ఉన్న కిట్సాప్ రైఫిల్ అండ్ రివాల్వర్ క్లబ్ విషయంలో ఈ లోపమే న్యాయస్థానం దాకా వెళ్లింది. 1926లో మొదలైన ఆ క్లబ్బుకు 72 ఎకరాల స్థలం ఉన్నా, అందులో కాల్పులకు వాడేది ఎనిమిది ఎకరాల మేర మాత్రమే. చుట్టూ కాలక్రమంలో ఇళ్లు వచ్చాయి. తలపై బాఫిల్‌లు లేని, కాల్చే చోటు నుంచి కట్ట పైన ఆకాశం కనిపించే రేంజ్ అది. అలాంటివాటిని అక్కడ నీలాకాశపు రేంజ్‌లని పిలుస్తారు. తూటాలు ఆస్తి హద్దు దాటి పోయి ఉంటాయనీ, ఇకముందూ పోతాయనీ నమ్మడానికే సాక్ష్యం ఎక్కువ మొగ్గుతున్నదని 2012లో విచారణ న్యాయస్థానం తేల్చింది. శబ్దంతోనూ, భద్రతా లోపాలతోనూ ఆ రేంజ్ ప్రజలకు ఉపద్రవంగా మారిందన్న నిర్ణయాన్ని 2014లో అప్పీళ్ల న్యాయస్థానం సమర్థించింది. నాకు ఈ తీర్పులో ముఖ్యంగా తోచేది ఒకటుంది: ఫలానా తూటా ఫలానా తుపాకీ నుంచే వచ్చిందని నిరూపించడం దాదాపు అసాధ్యమైన చోట, రేంజ్ నిర్మాణాన్నే చూసి ప్రమాదాన్ని అంచనా వేయవచ్చని న్యాయస్థానం ఒప్పుకుంది.

బాఫిల్ పద్ధతికి మూలసూత్రం ఒక్కటే. కాల్చేవాడు ఏ భంగిమలో ఉన్నా, తుపాకీ మొన ఉన్న చోటి నుంచి ముందుకు చూస్తే ఎక్కడా ఆకాశం కనిపించరాదు. ఒక పలక అడుగు అంచు కింద నుంచి సాగిన చూపు, తరువాతి పలకనో కట్టనో తాకి తీరాలి. చెప్పడానికి ఇది తేలికే. కానీ లెక్కలో పొరపాటు ఎక్కడ జరుగుతుందో అంకెలతో చూస్తే గాని తెలియదు.

కట్ట 25 మీటర్ల దూరంలో, 6 మీటర్ల ఎత్తున ఉన్న పిస్టల్ రేంజ్‌ను తీసుకుందాం. మొదటి బాఫిల్ కాల్చే గీతకు 3 మీటర్ల ముందు ఉంది. ప్రతి పలక అడుగు అంచు నేల నుంచి 2.1 మీటర్ల ఎత్తున, పై అంచు 3.3 మీటర్ల ఎత్తున ఉన్నాయి. నిలబడి కాల్చేవాడి మొన 1.5 మీటర్ల ఎత్తున ఉంటే, మొదటి పలక అడుగు అంచును ఒరుసుకుంటూ పోయే తూటా 9 మీటర్ల దూరంలో సరిగ్గా 3.3 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. కాబట్టి రెండవ పలకను 9 మీటర్ల దగ్గర పెడితే చాలని లెక్క తేలుతుంది. ఇప్పుడు అదే చోట ఒకడు పడుకొని కాలుస్తున్నాడనుకోండి. మొన నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తునే ఉంటుంది. అక్కడి నుంచి మొదటి పలక కిందుగా పోయే దారి దాదాపు 31 డిగ్రీల కోణంలో లేస్తుంది. 9 మీటర్ల దగ్గరకు వచ్చేసరికి అది 5.7 మీటర్ల ఎత్తున, అంటే రెండవ పలకకు రెండు మీటర్లకు పైగా మీదుగా ఆకాశంలోకి పోతుంది. సుమారు 18 నుంచి 31 డిగ్రీల మధ్య లేచిన ప్రతి తూటాకూ ఆ సందు తెరిచిన ద్వారమే. తూటా అత్యంత దూరం పోయే కోణానికి ఇది ఎంత దగ్గరగా ఉన్నదో గమనించాలి. నిలబడినవాడి కోసం వేసిన లెక్క, పడుకున్నవాడి తూటాను నేరుగా పక్క ఊరికి పంపే ఏర్పాటుగా మారుతుంది.

పడుకొని కాల్చేవాడిని ప్రమాణంగా తీసుకుంటే రెండవ పలక 5 మీటర్ల దగ్గర, మూడవది 8.3 మీటర్ల దగ్గర రావాలి. అప్పుడు మూడవ పలక కింద నుంచి తప్పించుకున్న తూటా 25 మీటర్ల దగ్గర 5.7 మీటర్ల ఎత్తున కట్టను తాకుతుంది. శిఖరానికి అడుగు కిందుగా తాకే తూటాను నేను భద్రమని ఒప్పుకోను. వానలకు కట్ట అడుగు మేర కుంగడం ఎంతసేపు? అందుకే దాదాపు 14 మీటర్ల దగ్గర నాలుగవ పలక అవసరం. అది ఉంటే తూటా కట్టను మూడున్నర మీటర్ల ఎత్తున తాకుతుంది. మొదటి పలకకు ఇవతల, దాని పై అంచుకు మీదుగా లేచే తూటా కోసం కాల్చేవారి తల మీది కప్పు తూటాను ఆపగలిగినదై, మొదటి పలక దాకా సాగి ఉండాలి. సాధారణ రేకుల షెడ్డు నీడనిస్తుంది గాని తూటాను ఆపదు. గీత మీది పక్క స్థానాల నుంచి ఏటవాలుగా పేలే తూటాల కోసం పక్క గోడలకు, పక్క కట్టలకు ఇదే లెక్క మళ్లీ వేయాలి.

ఇంత ఖచ్చితత్వం కోరడమే బాఫిల్ పద్ధతికి బలమూ బలహీనతా. అందరూ ఒకే గీత మీద నుంచి, లెక్కలో చూపిన భంగిమల్లోనే కాల్చాలి. గీతను పది మీటర్లు వెనక్కి జరిపితే పాత లెక్క చెల్లదు, మళ్లీ కొలవాలి. కదులుతూ కాల్చే అభ్యాసం ఇక్కడ కుదరదు. ఖర్చు కట్ట ఖర్చుకు ఎన్నో రెట్లు. ఉక్కు పలకకు ముందువైపు చెక్క తొడగకపోతే తూటా చితికి దాని ముక్కలు వెనక్కి చిమ్ముతాయి. కోస్తా జిల్లాల్లో మరో చిక్కుంది: తుపాను గాలికి ఎదురుగా నిలిచే ఈ పలకలు హోర్డింగుల వంటివే కనుక, వాటి స్తంభాలను, పునాదులను గాలి ఒత్తిడికి విడిగా డిజైన్ చేయాలి. ఇక క్రీడాపోటీల సంగతి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాలు 50 మీటర్ల రేంజ్‌లో కనీసం 45 మీటర్లు, 25 మీటర్ల రేంజ్‌లో కనీసం 12.5 మీటర్లు ఆకాశానికి తెరిచి ఉండాలంటాయి. నిలువు బాఫిల్‌ల మధ్య నుంచి వెలుతురూ గాలీ వస్తాయి కనుక ఈ నియమానికి అవి అడ్డు కావు. కానీ వాటి నీడలు లక్ష్యాల మీద చారలుగా పడకుండా రేంజ్ ఏ దిక్కుకు చూడాలో ముందే నిర్ణయించుకోవాలి.

ఏ పద్ధతి ఎంచుకున్నా నేలను మరిచిపోతే ప్రయోజనం లేదు. గట్టి నేలను లేదా రాయిని చిన్న కోణంలో తాకిన తూటా ఆగదు, దారి మార్చుకొని ఎగురుతుంది. అలా ఎగిరింది పలకల మధ్య సందులోంచి పోవచ్చు. ఇందుకు ఇసుక పరిచిన మెత్తని నేల, రాళ్లు ఏరిన మట్టి, కొన్ని చోట్ల నేలమీది చిన్న అడ్డుకట్టలు కావాలి. తెలంగాణలో సులువుగా దొరికే మొరం కట్ట పోయడానికి గట్టిదే, కానీ అందులోని గులకల వల్ల తూటాను పట్టుకునే ముఖభాగానికి పనికిరాదు. నల్లరేగడి ఎండకు బీటలిచ్చి, వానకు జారుతుంది. లోపల మొరం పోసి, తూటా తాకే ముఖాన జల్లెడ పట్టిన మెత్తని మట్టిని మీటరు మందాన నిలపడం సరైన పని. ఒకేచోట వందల తూటాలు దిగిన కట్టలో సీసం పేరుకొని గట్టి గుంత ఏర్పడుతుంది; తరువాతి తూటాలు ఆ సీసాన్నే తాకి ఎగురుతాయి. ఆ సీసాన్ని ఎప్పటికప్పుడు తవ్వి తీయడం భద్రతకూ, భూగర్భ జలానికీ అవసరం.

ఇండోర్ రేంజ్ తూటాను అన్ని వైపులా ఆపుతుంది, శబ్దాన్నీ చాలావరకు ఆపుతుంది. అయితే సీసపు ధూళి గదిలోనే ఉండిపోతుంది. అమెరికా కార్మిక భద్రతా ప్రమాణం ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాముల సీసానికి మించి అనుమతించదు. దాన్ని పాటించాలంటే కాల్చేవారి వెనుక నుంచి ముందుకు నిలకడగా గాలి తోసే యంత్రాంగం, నిరంతర విద్యుత్తు, ఫిల్టర్ల మార్పిడి తప్పవు. రోజంతా అక్కడే నిలబడే శిక్షకుల ఆరోగ్యం దృష్ట్యా, నిర్వహణకు నమ్మకమైన నిధులు లేని సంస్థలు ఈ దారి పట్టకపోవడమే మంచిది. ఎగిరే పళ్లేలను కాల్చే షాట్‌గన్ పోటీలకు మాత్రం బాఫిల్‌లూ ఇండోర్ రేంజూ రెండూ పనికిరావు. అక్కడ ఖాళీ నేలే గతి. చిన్న గుళ్లు కనుక 275 మీటర్ల మేర వదిలితే సాధారణంగా సరిపోతుంది.

మన రాష్ట్రాల్లో జిల్లా పోలీసు బలగాలు వాడే పాత ఫైరింగ్ బట్‌లు, అంటే మట్టికట్ట ఉన్న కాల్పుల మైదానాలు, చాలావరకు కట్ట, ఖాళీ నేల అన్న మొదటి పద్ధతిలోనివే. వెనుక అడవి గుట్ట ఉండి, ఆ దిశలో నాలుగు కిలోమీటర్ల వరకు నివాసాలు లేని చోట వాటిని అలాగే ఉంచి, కట్టను, ఎర్రజెండాను, కాపలాను సరిగా నడిపితే చాలు. అక్కడ కోట్లు పోసి పలకలు నిలపడం వృథా. నగరాల అంచున ఉన్నవాటిని మాత్రం రెండే మాటల్లో తేల్చాలి: పూర్తి బాఫిల్ రేంజ్‌గా మార్చాలి, అది అయ్యేదాకా రైఫిల్ కాల్పులు ఆపాలి. డిజైన్ కోసం దూరం పోనక్కరలేదు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన చండీగఢ్‌లోని టెర్మినల్ బాలిస్టిక్స్ పరిశోధనశాల బాఫిల్ రేంజ్‌ల రూపకల్పనలో అనుభవం ఉన్న సంస్థ. పని పూర్తయ్యాక అంగీకరించే అధికారి కాగితం మీది కొలతలతో సరిపెట్టుకోకుండా, కాల్చే ప్రతి స్థానంలోనూ నిలబడి, మోకాలిపై కూర్చొని, ఆపైన చాప మీద బోర్లా పడుకొని, గడ్డం నేలకు ఆనించి పైకి చూడాలి. పలకల నడుమ ఆకాశం ముక్క కనిపించిన చోట కాంట్రాక్టరు బిల్లు ఆపాలి.